లైటు వెలిగిస్తే చాలదు, లెక్కలూ ఇవ్వాలి

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

కారున్న ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు డ్యాష్‌బోర్డు మీద పసుప్పచ్చ ఇంజిన్ బొమ్మ వెలుగుతుంది. దాని పక్కన ఒక్క ముక్క రాసి ఉండదు. కారుతోపాటు ఇచ్చిన పుస్తకం తిరగేస్తే, అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమని చెప్పి చేతులు దులుపుకుంటుంది. కారు లోపలి కంప్యూటర్‌కు మాత్రం ఏ సెన్సర్ లెక్క తప్పిందో తెలుసు. ఆ సమయానికి ఇంజిన్ ఎంత వేడి మీద ఉందో, ఎంత వేగంతో తిరుగుతోందో కూడా రాసిపెట్టుకుని ఉంటుంది. లక్షలు పోసి కారు కొన్నవాడికి తప్ప అందరికీ చెప్పడానికి అది సిద్ధం. ఆ సమాచారం యజమానికి ఇప్పించమని అడగడానికే ఈ ఉత్తరం.

రవాణా శాఖకు రాయకుండా మీకెందుకు రాస్తున్నానో ముందే చెబుతాను. కారు ఎంత పొగ వదలాలో వాళ్లు చూస్తారు. కొన్న వస్తువు గురించి తెలుసుకునే హక్కు మాత్రం మీ చేతిలో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో ఉంది. మరమ్మతు హక్కు మీద 2022 జులైలో కమిటీ వేసింది మీ శాఖే. వ్యవసాయ యంత్రాలు, ఫోన్లూ ఇతర ఎలక్ట్రానిక్ పరికరాలూ, ఇంట్లో వాడే వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకున్నదీ మీరే. ఆ ఏడాది డిసెంబర్ 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, రైట్ టు రిపేర్ పోర్టల్ ప్రారంభించిందీ మీరే. మొదలుపెట్టినవాళ్లనే కదా మిగతాది అడగాలి.

ఈ లైటు కార్ల కంపెనీలు దయతలచి పెట్టింది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం గాలి కాలుష్యంతో వేగలేక, కారు తన లోపాన్ని తానే కనిపెట్టి చెప్పాలని 1988 మోడళ్ల నుంచి నిబంధన పెట్టింది. 1996 నుంచి అమెరికా అంతటా కొత్త కార్లకు ఈ స్వీయ పరీక్షా వ్యవస్థ (ఓబీడీ) రెండో తరం తప్పనిసరైంది. ఏ కంపెనీ కారైనా అదే పదహారు పిన్నుల సాకెట్, అవే ఉమ్మడి కోడ్‌లు. మన దేశంలో భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాలతోపాటు ఓబీడీ వచ్చింది. 2013 ఏప్రిల్ నుంచి దాని రెండో దశ, 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్-6 వచ్చాయి. 2023 ఏప్రిల్ నుంచి ఆ నిబంధనలు ఇంకా బిగిశాయి. ఇవాళ మా బజారులో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ స్కానర్ ఏ కంపెనీ కారుకు తగిలించినా పనిచేస్తోందంటే, ఆ పుణ్యం చట్టానిదే. ప్రభుత్వం గట్టిగా చెబితే కంపెనీలు తలుపు తీస్తాయనడానికి స్టీరింగ్ కింద, మోకాలికి తగిలే చోట ఉన్న ఆ సాకెట్టే రుజువు. సగం తీసిన తలుపు మొత్తం తీయించమనే నేను అడుగుతున్నది.

మిగిలిన సగం ఎందుకు కావాలో ఒక చిన్న సెన్సర్ కథతో చెబుతాను.

మా ఇంట్లో ఒక పాత పెట్రోల్ కారుంది. కొన్నాళ్లుగా పొద్దున సెల్ఫ్ కొడితే ఒక పట్టాన అందుకునేది కాదు. అందుకున్నాక గుప్పున పెట్రోల్ వాసన. ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్ ఫ్యాన్ హోరుమని తిరిగేది. మైలేజీ పడిపోయింది. లైటు ఓసారి వెలిగేది, ఓసారి తనంతట తానే ఆరేది. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెట్టి చూసి ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. అందులో సెన్సర్ ఉంది, దాని వైరింగ్ సెట్టు ఉంది, అవసరమైతే ఇంజిన్ కంప్యూటర్ కూడా ఉంది. పోయింది ఏదండీ అంటే, ఒక్కొక్కటీ మార్చి చూడాలి సార్ అన్నారు. కోడ్ ఏమిటో కాగితం మీద రాసిమ్మంటే, అది మా సిస్టమ్‌లో ఉంటుంది సార్ అన్నారు. సెన్సర్ ధర వందల్లో ఉంది. ఎస్టిమేట్ మొత్తం మాత్రం అనేక వేలు.

ఇంటికొచ్చి చిన్న స్కానర్ తగిలించి ఫోన్‌లో చూస్తే కోడ్ కనబడింది: పి-0118. ఈ కోడ్‌లలో దాపరికం లేదు. మొదట ఉన్న పి అక్షరం ఇంజిన్, గేర్‌బాక్స్ వర్గాన్ని చెబుతుంది. దాని పక్కన సున్నా ఉంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడ్ అని, ఒకటి ఉంటే సాధారణంగా ఆ కంపెనీ సొంత కోడ్ అని అర్థం. 0118 అంటే కూలెంట్ ఉష్ణోగ్రత చెప్పే తీగ మీద వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందని కంప్యూటర్ ఫిర్యాదు. సెన్సర్ పోయిందని ఆ కోడ్ ఎక్కడా అనదు. సెన్సర్ తెగినా, వైరు తెగినా, కనెక్టర్ వదులైనా అదే ఫిర్యాదు వస్తుంది. సామాన్యుడి జేబుకు చిల్లు పడేది ఇక్కడే. కోడ్ చదవడానికి అర నిమిషం చాలు. లోపం ఎక్కడుందో తేల్చడానికి మాత్రం పరీక్షలు కావాలి. ఆ పరీక్షలకు లెక్కలు కావాలి. లెక్కలు కంపెనీ దగ్గర ఉంటాయి.

మంత్రి గారూ, కూలెంట్ సెన్సర్ బ్రహ్మపదార్థం కాదు. ఇత్తడి మర లోపల పెట్టిన చిన్న థర్మిస్టర్. వేడెక్కేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది. చాలా పెట్రోల్ కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు, 80 డిగ్రీలకు వచ్చేసరికి మూడు వందల చిల్లర ఉంటుంది. కంప్యూటర్ లోపలి నుంచి ఒక నిరోధం గుండా ఐదు వోల్టులు పంపి, ఈ చివర ఎంత మిగిలిందో కొలుస్తుంది. ఎక్కువ మిగిలితే ఇంజిన్ చల్లగా ఉందనుకుంటుంది, తక్కువ మిగిలితే వేడెక్కిందనుకుంటుంది. ఎంత పెట్రోల్ చిమ్మాలో, ఫ్యాన్ ఎప్పుడు తిప్పాలో ఆ లెక్కను బట్టే నిర్ణయిస్తుంది. మధ్యలో ఎక్కడ తెగినా ఐదుకు ఐదు వోల్టులూ కనబడతాయి. అప్పుడు స్కానర్ తెర మీద ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు అని వస్తుంది. రోళ్లు పగిలే ఎండలో, విజయవాడలో, మా ఇంటి ముందు నిలబెట్టిన కారు ఆ అంకె చూపిస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కంప్యూటర్‌కూ నమ్మకం కుదరలేదు కాబోలు, చాలా కార్లలో జరిగేట్టే తనకు తోచిన విలువ ఒకటి పెట్టుకుని, ఎందుకైనా మంచిదని ఫ్యాన్ తిప్పుతోంది. పొద్దున్నే ఆ హోరు ఎక్కడిదో అప్పుడు తెలిసింది.

మొదటి పరీక్షకు కళ్లు చాలు. ఇంజిన్ చల్లారాక కనెక్టర్ ఊడదీసి లోపల చూడాలి. కోస్తా గాలికి పిన్నులకు చిలుము పడుతుంది. వాటర్ వాష్ పేరుతో బానెట్ కింద పంపు కొట్టించిన కార్లలో నీళ్లు చేరతాయి. నాలుగు రోజులు కదలకుండా ఉన్న కారులో ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి. ఈ మూడింటిలో ఏదైనా ఉంటే కొత్త సెన్సర్ వేసినా ఫలితం ఉండదు. మా కారులో పిన్నులు పచ్చబడలేదు, వైరుకు పంటి గాటు లేదు.

రెండో పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. రాత్రంతా నిలబెట్టిన కారులో, ఉదయం ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పి, స్కానర్‌లో రెండు అంకెలు చూడాలి. ఒకటి కూలెంట్ ఉష్ణోగ్రత, రెండోది ఇంజిన్ లోపలికి పీల్చే గాలి ఉష్ణోగ్రత. రెండూ ఇంచుమించు ఒకటిగా ఉండాలి. ఒకటి 28 అని, ఇంకొకటి 9 అని చూపిస్తే ఏదో ఒక సెన్సర్ అబద్ధం చెబుతున్నట్టే. పూర్తిగా తెగకుండా మెల్లగా లెక్క తప్పిన సెన్సర్ చాలాసార్లు లైటు కూడా వెలిగించదు. నమ్మదగ్గ అబద్ధాలు చెబుతూ నెలల తరబడి పెట్రోల్ తాగిస్తుంది. దాన్ని పట్టుకునేది ఈ పరీక్షే.

మూడోది అసలైన పరీక్ష. స్కానర్‌లో మైనస్ 40 కనబడుతున్నప్పుడే కనెక్టర్ ఊడదీసి, వైరు వైపున్న రెండు పిన్నులనూ చిన్న తీగ ముక్కతో కలపాలి. వైర్లు, కంప్యూటర్ బాగుంటే తెర మీద అంకె ఒక్క ఉదుటున నూట ఇరవై దాటి పైకి పోతుంది. మా కారులో అదే జరిగింది. తీగ తీసేస్తే మళ్లీ మైనస్ 40. వైరింగ్ సెట్టుకూ కంప్యూటర్‌కూ ఏ జబ్బూ లేదని ఆ తీగ ముక్క తేల్చేసింది. ఎస్టిమేట్‌లో పెద్ద అంకెలు ఆ రెండింటివే. ఇక సెన్సర్ పిన్నుల మీద మల్టీమీటర్ పెట్టి చూస్తే ఓసారి నిరోధం చూపించి, కనెక్టర్ వైపు వేలితో కాస్త కదిపితే పూర్తిగా తెగిపోయినట్టు చూపించింది. లైటు వెలుగుతూ ఆరుతూ ఉన్నది అందుకే.

ఇక్కడో హెచ్చరిక రాయకపోతే తప్పవుతుంది. తీగతో కలిపే పరీక్ష రెండు వైర్లున్న ఉష్ణోగ్రత సెన్సర్‌కు మాత్రమే. మూడు వైర్లున్న సెన్సర్లకు ఒక తీగ మీద నేరుగా ఐదు వోల్టులో, పన్నెండు వోల్టులో వస్తుంటుంది. ఏ పిన్ను దేనిదో తెలియకుండా వాటిని కలిపితే, బాగున్న కంప్యూటర్ కూడా పోవచ్చు. ఏ రంగు వైరు ఏమిటో చెప్పే పటం సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ మాన్యువల్ కావాలని అడిగితే, కస్టమర్లకు ఇవ్వరని సమాధానం వచ్చింది. ప్రమాదమని మమ్మల్ని దూరం పెడతారు, ప్రమాదం తప్పించే కాగితం మాత్రం ఇవ్వరు.

సెన్సర్ కొత్తది తెచ్చాను. బిగించే ముందు దాన్ని గాజు గ్లాసులో వేడినీళ్లలో, ఇత్తడి భాగం వరకే మునిగేట్టు పట్టుకుని, పక్కన థర్మామీటర్ పెట్టి, మల్టీమీటర్ తగిలించాను. నీళ్లు చల్లారేకొద్దీ ఓమ్‌లు ఒక వరుసలో పెరుగుతూ వచ్చాయి. ఎక్కడా గంతు లేదు, తెగడం లేదు. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకున్నాను. కంపెనీ ముద్రించి ఇవ్వాల్సిన పట్టికను కారు యజమాని వంటింట్లో తయారు చేసుకోవలసి వచ్చింది. ఈ పని మా ఊళ్లో ఏ ఇంటర్ విద్యార్థి అయినా చేయగలడు. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మీటర్ బ్రిడ్జి మీద నిరోధం కొలిచిన పిల్లలే కదా!

మార్చే పని అంతకన్నా తేలిక, జాగ్రత్తే ముఖ్యం. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. ఒత్తిడి మీద ఉన్న కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. వేడి మీద మూత తీస్తే అది ఆవిరై మొహం మీదికి ఎగదన్నుతుంది. చల్లారాక మూత తీసి, సెన్సర్ మట్టానికి దిగేంత కూలెంట్ శుభ్రమైన గిన్నెలోకి పట్టుకోవాలి. అది తియ్యగా ఉండే విషం. పిల్లలకూ కుక్కలకూ అందకుండా పెట్టాలి. ముందుగా కోడ్‌నూ, దానితోపాటు కంప్యూటర్ దాచిన వివరాలనూ ఫొటో తీసి పెట్టుకోవాలి. తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీగ తీసి, కనెక్టర్ లాకు నొక్కి లాగాలి. తీగలు పట్టుకుని లాగకూడదు. సరైన సైజు పానాతో పాత సెన్సర్ విప్పి, పాత వాషరో రబ్బరు రింగో లోపల అతుక్కుని ఉండిపోయిందేమో చూసి తీసేయాలి. కొత్త సెన్సర్‌ను ముందు చేత్తోనే మరలు పట్టించి, తర్వాత పానాతో బిగించాలి. సెన్సర్ కూర్చునే చోటు చాలా కార్లలో అల్యూమినియం. బలం ఉంది కదా అని బిగిస్తే మరలు ఊడి చేతికొస్తాయి. ఎంత బలంతో బిగించాలో కంపెనీ ఒక అంకె నిర్ణయించే ఉంటుంది. ఆ అంకె కూడా మళ్లీ ఆ మాన్యువల్‌లోనే.

తర్వాత అదే రకం కూలెంట్ పోయాలి. బోరు నీళ్లు పోస్తే రేడియేటర్‌లో ఉప్పు పేరుకుంటుంది. ఇంజిన్ నడుస్తుండగా లోపల చిక్కుకున్న గాలి బయటికి పోయేదాకా మట్టం చూస్తూ ఉండాలి. సెన్సర్ చుట్టూ చెమ్మ కనబడకూడదు. కోడ్ ఇంకా మిగిలి ఉంటే చెరిపేయాలి. మా కారులో తెర మీద అంకె గాలి వేడి దగ్గర మొదలై మెల్లగా ఎక్కుతూ తొంభై దగ్గర నిలబడింది. ఫ్యాన్ సమయానికి తిరిగి, సమయానికి ఆగింది. లైటు మళ్లీ వెలగలేదు.

ఇంత తేలికైతే అందరూ ఎవరి సెన్సర్ వాళ్లే మార్చుకోవచ్చు కదా అని మీ అధికారులు అనవచ్చు. అన్ని కేసులూ ఇంత సూటిగా ఉండవు, ఆ మాట ఒప్పుకుంటాను. ఇంజిన్ వేడెక్కడం లేదని పి-0128 వస్తే సెన్సర్ నిజమే చెబుతూ ఉండవచ్చు. థర్మోస్టాట్ తెరుచుకుని ఇరుక్కుపోతే ఇంజిన్ నిజంగానే వేడెక్కదు. పి-0171 వస్తే చాలామంది వెంటనే ఆక్సిజన్ సెన్సర్ మార్చేస్తారు. ఆ కోడ్ చెప్పేది గాలి ఎక్కువైందనో పెట్రోల్ తక్కువైందనో మాత్రమే. చీలిన రబ్బరు గొట్టం, మూసుకుపోతున్న పెట్రోల్ ఫిల్టర్, బలం తగ్గిన పెట్రోల్ పంపు, కారణం ఏదైనా కావచ్చు. నడుస్తున్న కారు హఠాత్తుగా ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం వస్తుంది. అప్పుడు కూడా కొలవకుండా మార్చడం జూదమే. అందుకే నేను అడుగుతున్నది కోడ్‌ల జాబితా ఒక్కటే కాదు. ఏ కోడ్‌కు ఏ పరీక్ష చేయాలి, ఆ పరీక్షలో ఏ అంకె రావాలి అన్నది కూడా కావాలి.

యజమానులు కొందరే ఈ పని చేసుకుంటారు. మిగతావాళ్లంతా వీధి చివరి మెకానిక్ మీద ఆధారపడతారు. ఈ ఉత్తరం వాళ్ల తరఫున కూడా. మా విజయవాడ జవహర్ ఆటోనగర్‌కు ఒకసారి వచ్చి చూడండి. లారీ చాసిస్ మీద బాడీ కట్టే దగ్గర్నుంచి ఇంజిన్ బోరు కొట్టించే దాకా అన్ని పనులూ చేసే చేతులు అక్కడున్నాయి. ఇంజిన్ శబ్దం వినే ఏ సిలిండర్ మిస్ కొడుతోందో చెప్పే మేస్త్రీలున్నారు. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ రెండేళ్లు చదివి వచ్చిన కుర్రాళ్లున్నారు. కొత్త కారు వస్తే వీళ్లందరూ ఒక్క చోటే ఆగిపోతున్నారు. చేతకాక కాదు, వైరింగ్ పటం లేక. ఊరూ పేరూ లేని సాఫ్ట్‌వేర్లు, ఎవరో ఫొటో తీసి పంచుకున్న మాన్యువల్ పేజీలే వాళ్లకు దిక్కు. ఆ పేజీ ఏ మోడల్‌దో, ఏ ఏడాదిదో నమ్మకం లేదు. తప్పు పేజీ చూసి తప్పు పిన్ను ముట్టుకుంటే నష్టపోయేది మెకానిక్, అతన్ని నమ్మిన యజమాని.

నేను అడుగుతున్నది కొత్త కోరికేమీ కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ పద్నాలుగు కార్ల కంపెనీల మీద తీర్పు ఇచ్చింది. విడిభాగాలనూ పరీక్షా పరికరాలనూ బయటి మెకానిక్‌లకు అందకుండా చేసి పోటీని దెబ్బతీశారని తేల్చి, సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. జరిమానా సంగతి తర్వాత అప్పీళ్లకు వెళ్లింది. ఆ ఉత్తర్వులోని ఆదేశాలు మాత్రం ఇవాళ చదివినా ఈ ఉత్తరానికి సమాధానంలాగే ఉంటాయి. విడిభాగాలు, పరీక్షా పరికరాలు కస్టమర్లకూ బయటి మెకానిక్‌లకూ దొరకాలన్నారు. విడిభాగాల ధరలు, వారంటీ షరతులు కంపెనీ వెబ్‌సైట్‌లో పెట్టాలన్నారు. బయట రిపేరు చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేస్తామని గుండుగుత్తగా షరతు పెట్టకూడదన్నారు. అది జరిగి పదేళ్లు దాటింది. ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువుల విషయంలో, ఏది ఎంత తేలిగ్గా రిపేరు చేయవచ్చో చెప్పే రిపేరబిలిటీ ఇండెక్స్ కోసం మీ శాఖ వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. ఫోన్ గురించి ఇంత ఆలోచించినప్పుడు, ఇంటి తర్వాత మధ్యతరగతి వాడు పెట్టే అతి పెద్ద ఖర్చయిన కారు వంతు ఎప్పుడొస్తుంది?

కంపెనీల అభ్యంతరాలు తెలియనివి కావు. మొదటిది భద్రత. ఎయిర్‌బ్యాగ్‌లు, బ్రేకుల ఎలక్ట్రానిక్స్, హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో వందల వోల్టుల బ్యాటరీలు, కామన్ రైల్ డీజిల్‌లో వెయ్యి బార్ దాటే ఒత్తిడి ఉన్న గొట్టాలు ఇంటి ముందు విప్పాల్సినవి కావు. నిజమే. వాటి మీద ఎర్ర గీత గీయండి, మేం దాటం. పన్నెండు వోల్టుల కారులో రెండు వైర్ల సెన్సర్‌ను ఆ జాబితాలో కలిపి అన్నిటికీ ఒకే తాళం వేయడమే అన్యాయం.

రెండోది కాలుష్యం. యజమానికి సమాచారం ఇస్తే సెట్టింగులు మార్చి పొగ నియంత్రణ తీసిపారేస్తాడని వాళ్ల వాదన. చదవడం వేరు, మార్చడం వేరు. కంప్యూటర్ లోపలి ప్రోగ్రామ్ మార్చే తాళాలు మాకు అక్కర్లేదు. సెన్సర్ ఏ అంకె చూపాలో చెబితే చాలు. లెక్క తప్పిన సెన్సర్‌తో తిరిగే కారు అదనంగా తాగిన పెట్రోల్ పొగగానే బయటికొస్తుంది. రిపేరు ఖర్చుకు భయపడి లైటును పట్టించుకోకుండా తిరిగేవాళ్ల వల్ల ఊరి గాలికి జరిగే చేటు, ఇంట్లో సెన్సర్ మార్చుకునేవాడి వల్ల జరగదు.

మూడోది డూప్లికేట్ మాల్. ఈ బెడద నిజంగానే పెద్దది. ఒరిజినల్ డబ్బా, ఒరిజినల్ స్టిక్కర్, లోపల నాసిరకం సెన్సర్ అమ్మేవాళ్లున్నారు. దానికి విరుగుడు కూడా సమాచారమే. సెన్సర్ ఏ ఉష్ణోగ్రతకు ఎన్ని ఓమ్‌లు చూపాలో పట్టిక చేతిలో ఉంటే, కొట్టు కౌంటర్ దగ్గరే మల్టీమీటర్ పెట్టి నకిలీని పట్టుకోవచ్చు. పట్టిక దాచినంత కాలం లాభపడేది నకిలీ వ్యాపారి.

అమెరికాలో ఉంటున్న మన తెలుగువాళ్లను అడగండి. అక్కడ పెద్ద విడిభాగాల దుకాణాల్లో కోడ్ ఉచితంగా చదివిపెడతారు. డిపాజిట్ తీసుకుని పనిముట్లు అరువిస్తారు. కారు మోడల్‌కు సరిపోయే రిపేరు పుస్తకం కొట్లో దొరుకుతుంది. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉన్నప్పుడు టైరు కూడా మార్చనివాళ్లు, అక్కడ లేబర్ చార్జీలు భరించలేక వారాంతాల్లో ఆక్సిజన్ సెన్సర్లు మార్చుకుంటున్నారు. మాసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే వాహనాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. అక్కడ కార్లమ్మే కంపెనీల్లో చాలావరకు ఇక్కడా అమ్ముతున్నాయి. అక్కడివాళ్లకు డబ్బు తీసుకుని చూడనిచ్చే మాన్యువల్ ఇక్కడివాళ్లకు ఎందుకు వ్యాపార రహస్యమైందో ఆ కంపెనీలను పిలిచి అడగగలిగేది మీరే.

అందుకని మీకు నా విన్నపాలు ఇవి.

ఒకటి: కారుతో ఇచ్చే పుస్తకంలో రెండు పేజీలు అదనంగా ముద్రించమని ఆదేశించండి. ఆ కారులోని ప్రధాన సెన్సర్లు ఎక్కడున్నాయో బొమ్మ, ఏ సెన్సర్ ఏ స్థితిలో ఎంత చూపాలో పట్టిక, ఉమ్మడి కోడ్‌ల అర్థాలు అందులో ఉండాలి. హిందీ, ఇంగ్లీషుతోపాటు కారు అమ్మే రాష్ట్రం భాషలోనూ ఉండాలి.

రెండు: పూర్తి సర్వీస్ మాన్యువల్‌ను, వైరింగ్ పటాలతో సహా, సహేతుకమైన రుసుముకు ఏ యజమానికైనా, ఏ మెకానిక్‌కైనా అమ్మేలా చేయండి. ఉచితంగా ఇవ్వమని మేం అడగడం లేదు. మీ పోర్టల్‌లో ప్రతి మోడల్ పేరు పక్కన ఆ మాన్యువల్‌కు దారి చూపించండి.

మూడు: సర్వీస్ సెంటర్ ఏదైనా సరే, స్కానర్ పెట్టి చూసినప్పుడు కనబడిన కోడ్‌లను, చేసిన పరీక్షలను, వచ్చిన అంకెలను రాతపూర్వకంగా కస్టమర్‌కు ఇవ్వాలని నిబంధన పెట్టండి. రక్తపరీక్ష చేసిన ల్యాబ్ రిపోర్టు ఇవ్వకుండా మందులు మాత్రమే అమ్ముతానంటే మనం ఒప్పుకుంటామా?

నాలుగు: సెన్సర్‌ను విడిగా అమ్మాలి. ముప్పావు అంగుళం సెన్సర్ కోసం హౌసింగ్ మొత్తం కొనిపించే పద్ధతి పోవాలి. పార్ట్ నంబరు, ధర అందరికీ కనబడేలా ఉండాలి.

ఐదు: సాకెట్‌కు స్కానర్ తగిలించి చదివినందుకు, బయట సెన్సర్ మార్పించుకున్నందుకు వారంటీ పోదని స్పష్టంగా ఉత్తర్వు ఇవ్వండి. ఆ రిపేరు వల్లే నష్టం జరిగిందని కంపెనీ అంటే, రుజువు చేసే బాధ్యత కంపెనీదే కావాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త సాంకేతికత అక్కర్లేదు. ఆ పట్టికలు, పటాలు, అంకెలు కంపెనీల దగ్గర ఇప్పటికే తయారుగా ఉన్నాయి. లేకపోతే వాళ్ల సొంత మెకానిక్‌లు మాత్రం పని ఎలా చేస్తారు? లోపం ఉంటే లైటు వెలగాలని చట్టం చెప్పింది, లైటు వెలుగుతోంది. ఆ లోపం ఏమిటో యజమానికి చెప్పాలని కూడా చట్టం చెబితే, అదీ జరుగుతుంది. వచ్చే జాతీయ వినియోగదారుల దినోత్సవానికి పోస్టర్లు, ప్రసంగాలతోపాటు ఈ ఐదింటిలో మొదటిదైనా ఉత్తర్వుగా రావాలని మనవి. మిగతా నాలుగింటి కోసం మేం మళ్లీ రాస్తాం.

ఇట్లు,
ఒక కారు యజమాని,
విజయవాడ